సర్వే లెక్కలో మనం ఉన్నామా?

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలొస్తే సర్వే. కొత్త చట్టమొస్తే దాని మీద సర్వే. ఉద్యమం ముగిశాక, జనం దాన్ని సమర్థించారా లేదా అని మళ్ళీ సర్వే. "ఇంత శాతం రైతులు మావైపే" అని ఒక అంకె పత్రికల్లో పడితే దాన్ని కాదనడం కష్టం. అందుకే ఆ అంకె ఎలా పుడుతుందో మన కార్యకర్తలకు తెలిసి ఉండాలి.

కొద్దిమందిని అడిగి అందరి అభిప్రాయం చెప్పడం మోసమేమీ కాదు. భూసార పరీక్షకు మనం చేసేదీ అదే. చేలో మట్టంతా ల్యాబుకు మోయం. ఎనిమిది, పది చోట్ల తీసి, కలిపి, అరకిలో పంపుతాం. గట్టు పక్కన, చెట్టు కింద, ఎరువు కుప్ప పోసిన చోట మాత్రం తీయొద్దంటారు. అక్కడ తీస్తే బస్తాడు మట్టి పంపినా ఫలితం తప్పే. సర్వేకూ ఇదే సూత్రం. ఎంతమందిని అడిగారన్న దానికంటే, ఎక్కడి నుంచి ఎంచుకున్నారన్నది ముఖ్యం.

దీనికి 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికే సాక్ష్యం. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. సుమారు 24 లక్షల జవాబులొచ్చాయి. రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ఆ పత్రిక రాసింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కేవలం 50 వేల మంది నమూనాతో జార్జ్ గాలప్ మాత్రం రూజ్‌వెల్టే గెలుస్తాడని ముందే చెప్పాడు. పత్రిక పేర్లు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. అవి మహామాంద్యం రోజులు. అప్పుల్లో మునిగిన చిన్న రైతుకు, పనిలేని కూలీకి ఫోనెక్కడిది, కారెక్కడిది? పైగా కార్డు అందినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది జవాబే పంపలేదు. జాబితా దగ్గర ఒక తప్పు, జవాబుల దగ్గర ఇంకో తప్పు. రెండేళ్ళకు ఆ పత్రికే మూతపడింది.

ఇక మన సంగతికి వద్దాం. మూడు సాగు చట్టాల అమలును 2021 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపి, ఒక కమిటీని వేసింది. చట్టాలు రద్దయ్యాక, 2022 మార్చిలో ఆ నివేదికను కమిటీ సభ్యుడొకరు బయటపెట్టారు. తమకు అభిప్రాయం చెప్పిన 73 రైతు సంస్థల్లో 61 చట్టాలను పూర్తిగా సమర్థించాయని, ఆ 61 సంస్థలు 3.3 కోట్ల మంది రైతులకు ప్రాతినిధ్యం వహిస్తున్నాయని అందులో ఉంది. దాంతో "86 శాతం మద్దతు" అన్న మాట ప్రచారంలోకి వచ్చింది.

ఆ లెక్కలో ఎవరున్నారో చూడండి. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు కూర్చున్న సంయుక్త కిసాన్ మోర్చా సంఘాలు కమిటీ ముందుకే వెళ్ళలేదు. కమిటీ సభ్యులు ముందు నుంచే చట్టాలను సమర్థించినవారన్నది వారి అభ్యంతరం. అది సరైన నిర్ణయమా కాదా అన్నది వేరే చర్చ. కానీ పోరాడేవాళ్ళు లేని చోట తీసిన శాతాన్ని దేశ రైతాంగం మాటగా చెప్పడం కుదరదు. రెండోది, ఆ 3.3 కోట్ల మందిని ఒక్కొక్కరిగా ఎవరూ అడగలేదు. నాయకత్వం చెప్పిన మాటను సభ్యులందరి పేరా కలిపి లెక్కించారు. ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. "లక్షలాది రైతుల అభిప్రాయం ఇది" అని మనం ప్రకటన ఇచ్చే ముందు, ఎన్ని ఊళ్ళలో అడిగాం?

ప్రశ్న అడిగే తీరూ అంతే. "పంటను నచ్చిన చోట అమ్ముకునే స్వేచ్ఛ కావాలా?" అంటే ఎవరు వద్దంటారు? "మార్కెట్ యార్డు మూతపడినా ఫర్వాలేదా?" అంటే ఎవరు ఔనంటారు? చట్టం ఒకటే. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే ఎటు కావాలంటే అటు వస్తుంది. అసలు విషయం తెలియనివారిని అడిగితే ఇంకా సులువు. 2003లో కేంద్ర ప్రభుత్వం చేసిన జాతీయ నమూనా సర్వేలో కనీస మద్దతు ధర అంటే తెలుసన్న రైతు కుటుంబాలు 29 శాతమే. తెలియని దాని మీద చెప్పించిన అభిప్రాయానికి విలువెంత?

అలాగని సర్వేలన్నీ దండగ అనొద్దు. వీలుంటే వ్యవసాయం మానేస్తామని 40 శాతం రైతులు చెప్పింది ఆ 2003 సర్వేలోనే. 2019 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని తేలింది. రుణాల గురించి మాట్లాడినప్పుడల్లా మనం చూపించేది ఈ అంకెలనే. ఇంకో సంగతి. 2013 నుంచి ఆ సర్వేలో రైతు కుటుంబంగా లెక్కించడానికి భూమి ఉండి తీరాలన్న షరతు తీసేశారు. ఇప్పుడు వ్యవసాయ ఉత్పత్తి విలువ చూస్తారు. అదే ఎవరైనా పట్టాదారు పాసు పుస్తకాల జాబితా పట్టుకుని "రైతుల అభిప్రాయం" అడిగితే? దున్నే కౌలు రైతు ఉండడు, పట్నంలో ఉండే భూస్వామి ఉంటాడు. అమెరికాలో టెలిఫోన్ డైరెక్టరీ చేసిన పని ఇక్కడ పాసు పుస్తకం చేస్తుంది.

కాబట్టి ఏ సర్వే కనపడినా ఐదు ప్రశ్నలు వేయండి. చేయించింది ఎవరు, డబ్బెవరిది? ఏ జాబితా నుంచి మనుషులను ఎంచారు? ఎంతమందిని అడిగితే ఎంతమంది చెప్పారు? ప్రశ్న ఏ మాటల్లో ఉంది? ఎప్పుడు అడిగారు? వీటికి జవాబు చెప్పని సర్వేను, అది మనకు అనుకూలంగా ఉన్నా సరే, కరపత్రంలో వేయకండి.

ప్రభుత్వ సర్వే సిబ్బంది ఊరికొస్తే తప్పించుకోవద్దు. కౌలు, ప్రైవేటు అప్పు ఉన్నదున్నట్టు చెప్పమని రైతులకు నచ్చజెప్పండి. చెప్పని అప్పు లెక్కలోకి రాదు. ఇక మన గ్రామ శాఖలు ముఖ్యమైన ప్రతి విషయం మీద సభ పెట్టాలి. కౌలు రైతులను, మహిళా రైతులను పిలవాలి. ఔనన్నవారు ఎందరు, కాదన్నవారు ఎందరు, తేదీతో సహా రిజిస్టరులో రాయాలి. కాదన్నవారిని వదిలేస్తే మన లెక్కకూ విలువ ఉండదు. రేపు ఈ ఉద్యమాల చరిత్ర రాసేవారు కాగితం మీద దొరికిన అంకెనే తీసుకుంటారు. అప్పటికి 86 శాతం అన్న కాగితం ఒక్కటే మిగలకూడదు. మన ఊళ్ళ రిజిస్టర్లు కూడా ఉండాలి.