పందుల కోళ్ల పెంపకము – పారిశుద్ధ్యము
(పురపాలక, తాలూకా ఉద్యోగుల యెదుట గావించిన యుపన్యాసము)



మాంసార్థము పందులను కోళ్లను పెంచుట కొలది పెట్టుబడి గల కుటుంబమునకు మంచి జీవనాధారము. కోడిగ్రుడ్డు 21 దినములలో పిల్లయగును. ఆడుపంది సుమారు 114 దినములు చూలు మోసి యొక్క యీతలోనే పెక్కు పిల్లలను పెట్టును. అయినను అనుమతి నొసగు నధికారి మొట్టమొదట ఆ యింటి మరుగుదొడ్డిని పరీక్షింపవలయును.

ఏలయన, బద్దెపురుగు గల మనుష్యుని మలము దినిన పంది మాంసమున ఆ పురుగు తిత్తులు ఏర్పడును. ఆ మాంసమును చక్కగా నుడికింపక తినినవారి ప్రేవులలో బద్దెపురుగు పెరుగును. వారి మలమునందలి గ్రుడ్లు మురికిచేతుల వలనను, నీటి వలనను, పచ్చికూరల వలనను ఇతరుల నోట బడినచో, తిత్తులు మెదడు జేరి మూర్ఛరోగము పుట్టించును. పందిమాంసము ముట్టని పొరుగింటి బిడ్డకును ఈ భయము గలదు. కావున పందులను వీథుల విడువక దొడ్డిలో కట్టిపెట్టి, మలము వాని కందకుండ జేయవలయును.

కోళ్లగూడు పందులదొడ్డికి దూరముగా నుండవలయును. పక్షుల ఇన్‌ఫ్లుయెంజాయు మనుష్యుల ఇన్‌ఫ్లుయెంజాయు పందికి సోకి, దాని శరీరమున గలసి క్రొత్తరూపము దాల్పవచ్చును. జపనీస్ మెదడువాపు వ్యాధి క్రిములు పందులలో వృద్ధిజెంది దోమల మూలమున మనుష్యులకు సంక్రమించును. కావున దొడ్డి యిండ్లకు ఎడముగా, నీరు నిలువని చోట నుండవలయును.

అస్సాములో 2020వ సంవత్సరమున గనబడిన ఆఫ్రికా పందిజ్వరము మనుష్యులకు సోకదు గాని మందలను నాశనము జేయును. ఎంగిలికూడు బాగుగా మరిగింపక పందులకు పెట్టరాదు. కోళ్లకు కొక్కెరతెగులు టీకాలు వేయింపవలయును.

ఈ విషయములను స్వయముగా జూచిన పిమ్మటనే అధికారి అనుమతిపత్రమున సంతకము చేయుట యుక్తము.