సర్కారు తుమ్మ మన ఊరికి ఎలా వచ్చింది?

మొన్న పండక్కి ఊరెళ్తే, చిన్నప్పుడు నేను ఈత నేర్చుకున్న చెరువు కనపడలేదు. మొత్తం సర్కారు తుమ్మే!

ఇది మన చెట్టు కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు. 1870ల్లో, బ్రిటిష్ పాలనలో, వంటచెరకు కోసం విత్తనాలు తెప్పించి కడప వైపు వేయించారు.

మరి ఇంతలా ఎలా పాకింది? ఒకటి, మన నేల, ఎండ దానికి సరిపోయాయి. వేరు బాగా లోతుకి దిగుతుంది, కరువుని, ఉప్పు నేలని తట్టుకుంటుంది. రెండు, మనమే! మేకలు, పశువులు దాని తియ్యటి కాయలు తింటాయి. గింజలు అరగవు, పేడలో పడి మొలుస్తాయి. మనం మందని ఎటు తోలితే అటు చెట్టు. చెరువు ఎండినా, చేను బీడు పడినా దానికి పండగే.

"కొట్టేస్తే పోదా తాతా?" అని అడిగా.

"మోడు నుంచి మళ్లీ లేస్తుందిరా. వేరుతో సహా తవ్వాలి" అన్నాడు.

కానీ ఆ కట్టెతో బొగ్గు కాల్చి బతికే ఇళ్లూ మా ఊళ్లో ఉన్నాయి. అందుకే అన్నీ ఒకేసారి కొట్టేయమని నేను చెప్పను. ముందు చెరువులో, కాలువల్లో తీసేద్దాం. గట్టు మీద వేప, కానుగ నాటుదాం. ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది.

మీ ఊరి చెరువు ఎలా ఉంది? కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!