ఇల్లును ఆరోగ్యమును
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంటికిని ఒంటికిని గల సంబంధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. ఇనుపసామానుల అంగడి నడుపుకొనువారము. అయినను ఈ ఊరి ఇండ్ల పైకప్పుల సంగతి అంగడిలో కూర్చుండువారికి కొంత తెలియును. ఆశ్వయుజమాసపు వానలు దగ్గరపడినప్పుడు లైన్లలోని వారు రేకులు కొనరు, టార్పాలిను కొందురు. రేకు ఏండ్ల తరబడి నిలుచును. టార్పాలిను ఒక్క వానకాలమునకే చినుగును. ఈ లెక్క వారికి తెలియక కాదు. ఇల్లు తమదని చెప్పు కాగితము లేదు. రేపు ఖాళీ చేయుమన్నచో రేకు ఖర్చు ఎవరి పాలగునని వారి భయము. ఇంటిల్లిపాది దగ్గునకును జ్వరమునకును మొదలు అచ్చటనే ఉన్నదని మా అభిప్రాయము.

1880 ప్రాంతమున జాన్ టేలర్ సంస్థవారు ఇచ్చట గనులు ప్రారంభించిన పిమ్మట, చిత్తూరు, ఆర్కాటు సీమలనుండి వచ్చిన కూలిజనమునకు మొదట దొరికినవి తడికెల గుడిసెలు. తరువాత వరుస ఇండ్లు వెలసినవి. ఒక్క గది, ఒక చిన్న వంటచోటు, అందులో మూడు తరములు. గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్ర ప్రభుత్వమునకును చెందినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడినది. ఎవరి ఏలుబడియైనను గనివారే ఇంటి యజమానులు. కప్పు, కాలువ, బేతమంగళము నీరు, వైద్యము అన్నియు వారి చేతిలోనివే. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడగా మూడువేలకు పైబడిన కార్మికుల జీతము పోయినదని అందరును చెప్పుదురు. ఇంటి మంచి చెడ్డలు చూచుకొను చేయియు ఆ దినముననే పోయినదని చెప్పువారు అరుదు.

ఆ చేయి చల్లని చేయి అని మేము చెప్పుటలేదు. మరుగుదొడ్ల సంగతియే చూడుడు. ఈ గనుల ఊరిలో నీరులేని దొడ్లను చేతులతో ఎత్తి శుభ్రము చేసినవారిలో మన తెలుగువారే అనేకులు. అట్టి కుటుంబమున 1966లో ఇచ్చటనే జన్మించిన బెజవాడ విల్సన్ గారు ఆ పనిని మాన్పించుటకు యువకుడుగా ఉన్నప్పుడే పూనుకొనిరి. ఆ దొడ్లను నిషేధించు చట్టము 1993లో వచ్చినను అవి ఇచ్చట పోలేదు. ఆయన వాని ఛాయాచిత్రములను పత్రికకు అందజేసిన తరువాతనే అధికారులు కదలి, నీటి దొడ్లుగా మార్చుటకును, ఆ పనివారికి వేరు పని ఇచ్చుటకును తీర్మానించిరి. 2016లో ఆయనకు మెగసెసే బహుమానము వచ్చినప్పుడు మనమందరము మనవాడని సంతోషించితిమి. మంచిదే. కాని దొడ్డి ఎట్టిదన్నది ఆ ఇంటివారి కడుపునకే కాక, దానిని బాగుచేయు మరియొకరి చేతులకును, ఊపిరికిని సంబంధించినదని ఆయన జీవితము వలన తెలియవలసియున్నది.

ఇంటిలో చిన్న మార్పునకు ఎంత ఫలము కలుగునో మెక్సికో దేశమున లెక్కకు దొరికినది. 2000 సంవత్సరమున కొవావిలా రాష్ట్రమున పేదల ఇండ్లలోని మట్టినేలపై ప్రభుత్వము సిమెంటు వేయించెను. పరిశోధకులు పిదప విచారింపగా పిల్లలలో అతిసారము దాదాపు సగమునకు తగ్గినది. కడుపులోని పురుగులును, రక్తహీనతయు ఇంకను ఎక్కువగా తగ్గినవి. తల్లుల మనోవ్యాకులత కూడ తగ్గినదట! అది కొత్త ఇల్లు కాదు, కొన్ని మూటల సిమెంటు మాత్రమే.

మన ఊరిలో ఇట్టి మార్పు కిటికీతో మొదలు కావలెను. రాతిధూళి పీల్చి సిలికోసిస్ వ్యాధి తెచ్చుకొన్న వృద్ధులకు క్షయ సులభముగా సోకును. గాలి ఆడని గదిలో క్షయ ఒకరినుండి ఇంకొకరికి వ్యాపించును. సైనైడు దిబ్బల ధూళి గాలికాలమున ఇండ్లపై పడునను మాట నిజమే. ఆ వైపు గోడను వదలి వేరొక గోడకు కిటికీ పెట్టించుకొనవచ్చును. మందు ఆసుపత్రిలో దొరకును, కిటికీ అచ్చట దొరకదు గదా!

ప్రభుత్వ సహాయము లేకపోలేదు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస యోజనలో, తన స్థలమున తానే ఇల్లు కట్టుకొను పట్టణవాసికి కేంద్రము 1,50,000 రూపాయలు ఇచ్చుచుండెను. 2024లో దాని రెండవ దశ మొదలైనది. చిక్కంతయు "తన స్థలము" అను రెండు మాటలలోనే ఉన్నది. గని లెక్కలలో తాతగారి పేరు ఒక తీరున, ఆధారు కార్డులో మరియొక తీరున ఉండును. మరణపత్రము ఉండదు, వంశవృక్షము వ్రాయించి ఉండరు. దరఖాస్తు కన్నడములో నుండును. ఇంటిలోని ముసలమ్మకు వచ్చినది తెలుగు అక్షరములే. పిల్లలు తెల్లవారుజామున బెంగుళూరు రైలెక్కి రాత్రికి గాని రారు. ఇక నగరసభకు ఎవరు పోవలెను?

కావున మన సంఘము చేయదగిన పని ఇల్లు కట్టించుట కాదు. అంతటి శక్తి మనకు లేదు. ప్రతి ఆదివారము ఉదయము సంఘ భవనమున ఒక బల్ల వేసి, కన్నడము చక్కగా వ్రాయగల ఇద్దరు యువకులను కూర్చుండబెట్టవలెను. వారు కాగితములు సరిచూచి, దరఖాస్తు వ్రాసి, సోమవారము ఒకరు వెంటబోయి దాఖలుచేసి రసీదు తీసికొనవలెను. రసీదు లేని దరఖాస్తు లేనట్లే. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఫిర్యాదును రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను సమర్పించుకొనవచ్చును. ఈ హక్కు మనకు ఉండవలసినదే, కాని పని త్వరగా జరుగవలెనన్నచో కన్నడమున వ్రాయుటయే మేలు. ఇరుగుపొరుగు తమిళ కుటుంబములు వచ్చినను కాదనరాదు. వారి కప్పును మన కప్పును ఒకే వరుసలోనివి.

ఆ యువకులు ఇంటింటికి పోయినప్పుడు కాగితములతోపాటు కప్పు కారుచున్నదా, కిటికీ ఉన్నదా, దగ్గు రెండు వారములు మించినవారు ఉన్నారా అని కూడ అడిగి వ్రాసికొనవలెను. అట్టివారిని ఆశా కార్యకర్తకు చూపవలెను. రేకులును సిమెంటును కొన్న ధరకే ఇచ్చుటకు మేము ఒప్పుకొనుచున్నాము. తక్కిన వర్తకమిత్రులును ఆలోచింపవలెను.

రాదలచినవారు గని ఉద్యోగపు పాత గుర్తింపు కాగితము, ఆధారు, రేషను కార్డు, కరెంటు బిల్లు, ఇంటి పెద్ద గతించియున్నచో మరణపత్రము తెచ్చుకొనవలెను. ఏదియు లేనివారు ఇంటి నంబరు చెప్పినను చాలును, అచ్చటినుండి మొదలుపెట్టవచ్చును.