ఫిబ్రవరి 6: మన సినిమా పుట్టినరోజు ఎందుకు మారింది?

‘ఈ రోజు ఏం జరిగింది’లో ఇవాళ మన తేదీ ఫిబ్రవరి 6. మా శ్రీనగర్ కాలనీ నుంచి నాలుగడుగులు వేస్తే కృష్ణానగర్, ఇంకాస్త ముందుకెళ్తే ఫిల్మ్ నగర్. అందుకే ఈ తేదీ మా ఏరియాకి చాలా దగ్గరిది.

ముందు ప్రపంచాన్ని ఓ రౌండ్ వేసొద్దాం. ‘సరిహద్దు గాంధీ’ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ పుట్టింది 1890లో ఇదే రోజు. రెగే సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించిన బాబ్ మార్లే పుట్టింది 1945లో ఇదే రోజు. 1952లో తండ్రి చనిపోవడంతో రెండో ఎలిజబెత్ బ్రిటన్ రాణి అయ్యారు. అప్పుడు ఆమె కెన్యాలో ఉన్నారు. 1971లో అపోలో 14లో వెళ్ళిన అలన్ షెపర్డ్ చంద్రుడి మీద గోల్ఫ్ బంతులు కొట్టాడు. అవును, నిజంగానే!

ఇప్పుడు మన సంగతికొద్దాం. తెలుగులో తొలి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. తీసింది బొంబాయిలో, అర్దేషిర్ ఇరానీ కంపెనీ. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి నటించారు. చిన్న వేషం వేసిన ఓ కుర్రాడు తర్వాత పెద్ద దర్శక నిర్మాత అయ్యాడు. ఆయనే ఎల్.వి. ప్రసాద్. బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి మీద కనిపించే పేరు ఆయనదే. హిందీ ‘ఆలం ఆరా’, తమిళ ‘కాళిదాస్’, మన ‘ప్రహ్లాద’, ఈ మూడు తొలి టాకీల్లోనూ ఆయన కనిపించారు.

మరి ఈ సినిమా ఎప్పుడొచ్చింది? చాలా ఏళ్ళపాటు అందరూ చెప్పిన తేదీ 1931 సెప్టెంబర్ 15. పుస్తకాల్లో అదే, పేపర్లలో అదే, క్విజ్‌లలో అదే. ఒకరు రాస్తే ఇంకొకరు దించుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ మాత్రం ఆ కాలపు కాగితాలు తిరగేశారు. సినిమాకి సెన్సార్ అయింది 1932 జనవరి 22న అని తేలింది. జనవరిలో సెన్సార్ అయిన బొమ్మ అంతకుముందు సెప్టెంబర్‌లోనే థియేటర్‌కి ఎలా వస్తుంది? బొంబాయిలో కృష్ణా సినిమా థియేటర్‌లో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. అలా అసలు పుట్టినరోజు బయటపడింది.

‘నాలుగైదు నెలల తేడానే కదా, ఏమవుతుంది?’ అంటారేమో. అవుతుంది. హెచ్.ఎం. రెడ్డే తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదలైంది. అందులో తమిళంతో పాటు తెలుగు మాటలు, పాటలు కూడా ఉన్నాయి. పాత తేదీ ప్రకారం ‘ప్రహ్లాద’ ముందు, ‘కాళిదాస్’ తర్వాత. సరైన తేదీ పెడితే వరస తిరగబడుతుంది. అంటే తెరమీద తెలుగు మొదట వినిపించింది ‘కాళిదాస్’లో, పూర్తిగా తెలుగులో నడిచిన మొదటి సినిమా ‘భక్త ప్రహ్లాద’. ఒక్క తేదీ సరిచేస్తే కథే మారిపోయింది, చూశారా?

ఇంకో బాధ కూడా ఉంది. ఆ సినిమా చూద్దామంటే ఇవాళ మనకి దొరకదు. మిగిలినవి ప్రకటనలు, ఫొటోలు, ఆ రోజుల రాతలే. బొమ్మ పోయాక తేదీ కూడా తప్పయితే ఆ మనుషుల కష్టానికి మిగిలేదేంటి? ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లోని ఫిల్మ్ చాంబర్ కూడా ఫిబ్రవరి 6నే తెలుగు సినిమా దినోత్సవంగా తీసుకుంది.

ఇదే తేదీకి ఒక కన్నీటిచుక్క కూడా ఉంది. 2022 ఫిబ్రవరి 6న, అంటే ‘ప్రహ్లాద’ విడుదలైన సరిగ్గా 90 ఏళ్ళకి, అదే ముంబైలో లతా మంగేష్కర్ కన్నుమూశారు. తెలుగులో ఆమె పాడినవి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1955లో ‘సంతానం’, 1988లో ‘ఆఖరి పోరాటం’. రాత్రికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘సంతానం’లో ఆమె జోలపాట ఒక్కసారి వినండి.

చివరిగా ఒక్క మాట. ‘చరిత్రలో ఈ రోజు’ అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వస్తే, స్టేటస్‌లో పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఇది ఆనాటి కాగితంలో ఉందా, లేక ఎవరో చెప్తే ఇంకొకరు చెప్పిందా?’ పది మంది చెప్పినంత మాత్రాన తేదీ నిజమైపోదు.

మీ ఊళ్ళో పాత సినిమా హాలు ఉందా? అది ఏ రోజు మొదలైందో మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. పాత టికెట్టో, కరపత్రమో దొరికితే ఫొటో తీసి దాచండి. రేపు ఇంకో తేదీతో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే!