పాలకేంద్రం బాయిలరు – మన పాలడబ్బా
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



బాయిలరు సంగతి మాకెందుకు, అది ఆపరేటరు పని కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. పాలు పోసేది మీరు, వెన్న శాతం చూసుకునేది మీరు, బిల్లు తీసుకునేది మీరు. ఆ బిల్లులో ‘పుల్లపాలు’ అని కోత పడినప్పుడు మాత్రం గేదెనో, ఎండనో, లారీ ఆలస్యాన్నో తిట్టుకుంటాం. బాయిలరు వంక ఎవరమూ చూడం.

నేను పనిచేసిన ఒక శీతలీకరణ కేంద్రంలో ఒక వేసవి ఇలాగే జరిగింది. చివరి రూటులో ఉన్న మూడు సంఘాల పాలు వరుసగా విరిగిపోతున్నాయి. మొదట వచ్చే సంఘాల పాలు బాగానే ఉన్నాయి. ఇంకేముంది, ఆ మూడు ఊళ్ళలో తగువులు మొదలయ్యాయి. నిన్నటి పాలు కలుపుతున్నావని ఒకరినొకరు అనుకున్నారు. ఒక కార్యదర్శిని తీసేయాలని సభ్యులు సంతకాలు కూడా పెట్టారు. మేమూ పశువుల పొదుగులు చూశాం, పాలు తెచ్చే వేళలు చూశాం. తప్పు మా ఇంట్లోనే ఉందని తెలియడానికి పది రోజులు పట్టింది.

ఆ సంఘాల ఖాళీ డబ్బాలను మూత తీసి వాసన చూస్తే పులిసిన వాసన. లోపల చెమ్మ. ఆవిరి పట్టిన డబ్బా తనంతట తానే ఆరిపోవాలి, ఎందుకు ఆరలేదు? మా బాయిలరు ఇస్తున్నది ఆవిరి కాదు, ఆవిరితో కలిసిన నీళ్ళు. నెలల తరబడి అడుగు నీళ్ళు వదలకపోవడం వల్ల లోపల ఉప్పులు పేరుకొని, నీరు అన్నం గంజిలా పొంగుతున్నది. పొద్దున పని తేలికగా ఉన్నంతసేపు ఫరవాలేదు. చివరి లారీ వచ్చేసరికి అన్ని గొట్టాలూ ఒకేసారి తెరుస్తారు, పీడనం పడిపోతుంది, నురగతో సహా నీళ్ళు గొట్టంలోకి లేస్తాయి. ఆ తడి డబ్బాకు మూత బిగించి పంపితే సాయంత్రానికి లోపల సూక్ష్మజీవుల సంత. ఆ కార్యదర్శి ఇంటికి వెళ్ళి మేమే క్షమాపణ చెప్పుకున్నాం.

ఆవిరికి అంత బలం ఎక్కడిదో చెబుతాను. 30 డిగ్రీల నీటిని కిలో తీసుకొని మరుగు స్థాయికి తేవడానికి 70 కిలో కేలరీలు చాలు. ఆ మరిగే నీటిని ఆవిరిగా మార్చడానికి మరో 540 కావాలి. ఆవిరి చల్లని డబ్బా గోడకు తగలగానే మళ్ళీ నీరై ఆ 540నీ అక్కడ వదిలేస్తుంది. మరుగు నీళ్ళు పోస్తే ఆ పని జరగదు. అందుకే తడి ఆవిరి అంటే మనం కట్టెలకు పెట్టిన డబ్బు సగంలోనే ఆగిపోవడం.

ఇక చేయవలసిన పని. పొద్దున నిప్పు పెట్టకముందే గేజి గ్లాసు చూడాలి. నీళ్ళు సగానికి అటూ ఇటూ ఉండాలి. కాని గ్లాసులో నీళ్ళు కనబడినంత మాత్రాన నమ్మవద్దు. దారి మూసుకుపోతే పాత నీళ్ళే అలా నిలబడి ఉంటాయి. ఆవిరి పుట్టాక కింది కాలువ తెరిచి, నీటి కాకు మూసి చూస్తే ఆవిరి రావాలి. తరువాత దాన్ని తెరిచి ఆవిరి కాకు మూస్తే నీళ్ళు రావాలి. రెండూ తెరిచి కాలువ మూయగానే నీళ్ళు చటుక్కున పైకి లేవాలి. మెల్లగా పాకితే దారిలో మడ్డి ఉన్నట్టే. షిఫ్టుకు ఒకసారి ఇది చేయడానికి రెండు నిమిషాలు పట్టదు.

నిప్పు మండుతుండగా గ్లాసులో నీళ్ళు అసలే కనబడకపోతే? మనవాళ్ళకు వెంటనే తోచేది పంపు వేసి నీళ్ళెక్కించడం. అది ప్రాణాంతకం. ఎర్రగా కాలిన రేకు మీద పడిన నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది. లీటరు నీరు మామూలు గాలి పీడనంలో దాదాపు 1,600 లీటర్ల ఆవిరి అవుతుంది. నీళ్ళు ఎక్కించవద్దు, ఆవిరి వాల్వులను ముట్టుకోవద్దు. కట్టె వేయడం ఆపి, గాలి తలుపు మూసి, నిప్పు మీద తడి బూడిద కప్పి, మనుషులను దూరంగా పంపాలి. చల్లారాక తనిఖీ చేయించాలి. ఆ పూట డబ్బాలు కడగకపోయినా సరే.

సేఫ్టీ వాల్వు కారుతోందని దాని లివరుకు రాయి కట్టిన కేంద్రం ఒకటి చూశాను. చీమ కుట్టిందని కాలు నరుక్కున్నట్టు! కారితే బాగు చేయించాలి గాని బరువు పెంచకూడదు.

నీటి సంగతి. ఏ బోరు నీళ్ళలో పప్పు ఉడకదో, సబ్బు నురగ రాదో, ఆ నీళ్ళు బాయిలరుకు పనికిరావు. నీళ్ళు కాచే గిన్నెకు పట్టే తెల్లటి గారే లోపలి గొట్టాలకు పడుతుంది. గార వేడిని అడ్డుకుంటుంది. కట్టె ఎక్కువ కాలుతుంది, చివరకు గొట్టమే ఉబ్బి పగులుతుంది. నీటిని మెత్తబరిచే యంత్రం ఉన్నచోట దానికి వేళకు ఉప్పు వేయడం మరచిపోతారు. అప్పుడది ఉండీ లేనట్టే. అడుగు నీళ్ళు మాత్రం రోజూ వదలాలి. ఆవిరి వాడకం లేని వేళ, గ్లాసు మీద కన్ను వేసి, వాల్వు కాసేపు తెరిచి మూయడమే.

పొగగొట్టం కూడా మాట్లాడుతుంది. నల్లటి పొగ వస్తే గాలి చాలడం లేదు. అసలు పొగే లేకుండా పోతే గాలి మితిమీరి వేడంతా ఆకాశానికి పోతున్నది. పలుచని బూడిదరంగు పొగ వచ్చేలా గాలి తలుపు సరిచేసుకోవాలి. వేరుశనగ పొట్టు, ఊక కాల్చేచోట గొట్టాలకు మసి త్వరగా పడుతుంది, బ్రష్షు ఆడిస్తూ ఉండాలి. ఆవిరి గొట్టాలు నీరు జారే వాలుతో ఉండాలి. సుత్తితో కొట్టినట్టు టకటక మోగితే ఎక్కడో నీరు నిలిచింది.

బల్క్ కూలర్లు వచ్చాక డబ్బాలు తగ్గిన మాట నిజమే. డబ్బా నడిచే రూట్లు ఉన్నంతవరకు ఈ సంగతి మనది. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. తనిఖీ, సర్టిఫికెట్టు అందులోనూ ఉన్నాయి. మీ కేంద్రానికి వెళ్ళినప్పుడు ఆ సర్టిఫికెట్టు చూపించమని అడగండి, అడిగే హక్కు వాటాదారులైన మీకుంది. తిరిగి వచ్చిన మీ డబ్బా మూత తీసి వాసన కూడా చూడండి.

రేపు మధ్యాహ్నం తరగతికి వచ్చేటప్పుడు ఎవరి కేంద్రం బోరు నీళ్ళు వారు ఒక సీసాలో పట్టుకు రండి. సబ్బు నేను తెస్తాను, ఇక్కడే కలిపి చూద్దాం.