గేరుబాక్సు మార్చాక మీటరును నమ్మవచ్చునా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో రిటైర్డ్ మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మనలో కొందరు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొడుకుకో అల్లుడికో పాత లారీ కొనిచ్చారు. పాత బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు గేరుబాక్సు మార్చక తప్పదు. టాటా 1210 వంటి బండికి మరో మోడలు గేరుబాక్సు తెచ్చి బిగిస్తారు. గేర్లు చక్కగా పడితే చాలు, పని అయిపోయిందంటారు. స్పీడోమీటరు సంగతి ఎవరూ అడగరు. ఆ సంగతే నేడు మనవి చేస్తాను.

మీటరు 10 కిలోమీటర్లకు 9 మాత్రమే చూపుతోందనుకోండి. 100 లీటర్లకు బండి 400 కిలోమీటర్లు నడిచినా మీటరులో 360 పడుతుంది. కె.ఎం.పి.ఎల్. 4 రావలసినది 3.6 అవుతుంది. డ్రైవరు డీజిలు అమ్ముకున్నాడని యజమానికి అనుమానం. తప్పు గేరు పళ్లది, మాట పడేది మనిషి! అంతేకాదు, ముల్లు 54 చూపుతుంటే బండి 60లో పోతుంటుంది. బ్రేకు వేశాక ఆగడానికి దాదాపు నాలుగో వంతు ఎక్కువ దూరం పడుతుంది. లోడుతో ఈగలపెంట ఘాటు దిగేవారికి ఇది ప్రాణాల మీది సంగతి.

ఐదో గేరు వచ్చినందువల్ల మీటరు తప్పిందని కొందరంటారు. అది నిజం కాదు. గేర్లన్నీ దాటిన తరువాత, ప్రొపెల్లర్ షాఫ్టుకు తిప్పు ఇచ్చే షాఫ్టు మీద మీటరు వార్మ్ గేరు ఉంటుంది. అది చిన్న పినియన్‌ను, పినియన్ కేబుల్‌ను తిప్పుతాయి. కొత్త బాక్సులో ఈ రెంటి పళ్లు వేరైతే లెక్క తప్పుతుంది. వెనుక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ మార్చినా, టైరు సైజు మార్చినా అంతే.

పరీక్ష సులభం. పెబ్బేరు నుండి ఎర్రవల్లి చౌరస్తా వైపు జాతీయ రహదారి మీద (మనం 7వ నంబరు అనేవాళ్లం, ఇప్పుడు 44) కిలోమీటరు రాళ్లు చూస్తూ 10 కిలోమీటర్లు నడిపి, మీటరులో ఎంత పడిందో రాసుకోండి. తరువాత ముల్లు 60 మీద నిలిపి, ఒక కిలోమీటరుకు ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన కూర్చున్నవారు చూడాలి. 3600ను ఆ సెకన్లతో భాగిస్తే అసలు వేగం వస్తుంది. పిల్లల సెల్‌ఫోనులోని జి.పి.ఎస్.తో కూడా సరిచూసుకోవచ్చు.

కిలోమీటర్లు, ముల్లు రెండూ ఒకే పాళ్లలో తప్పితే దోషం పళ్లదో టైరుదో. కిలోమీటర్లు సరిగా పడి ముల్లు మాత్రం తప్పితే దోషం మీటరులోని అయస్కాంతానిదో స్ప్రింగుదో. ముల్లు ఊగుతుంటే ముందు కేబుల్ చూడండి.

ఇక మందు. 10కి 9 చూపే బండిలో పినియన్‌కు 20 పళ్లుంటే, 20ని 9తో గుణించి 10తో భాగించండి. 18 పళ్ల పినియన్ కావాలి. పళ్లు తగ్గితే కేబుల్ వేగం పెరుగుతుంది. పినియన్‌తోపాటు దానికి సరిపడే బుష్ కూడా తీసుకోవాలి, లేకుంటే పళ్లు సరిగా కలవక అరిగిపోతాయి. సరైన పినియన్ దొరకకపోతే కేబుల్ మధ్యలో పెట్టే చిన్న గేరు పెట్టె వాడవచ్చు. కేబుల్‌కు బదులు సెన్సారు ఉన్న కొత్త బాక్సయితే దానికి తగిన ఎలక్ట్రానిక్ మీటరే పెట్టాలి.

వేగం చూపే మీటరు బండికి ఉండి తీరాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. ఉంటే చాలదు, నిజం చెప్పాలి. కనుక గేరుబాక్సు మార్చిన రోజే ఈ పరీక్ష చేయించండి. అంతవరకు ఆ మీటరును చూపి ఏ డ్రైవరునూ నిందించకండి.