నక్షత్రాల ఓడకు తపాలా బిళ్ళ



తపాలా బిళ్ళ అనగానే మనకు గాంధీగారో, నెహ్రూగారో కళ్ళముందు మెదులుతారు. టెలివిజన్‌లో వచ్చిన ఒక కట్టుకథకు, అందులోనూ నక్షత్రాల మధ్య తిరిగే ఓడ కథకు, ప్రభుత్వమే స్టాంపు వేసిందంటే వింతగానే ఉంటుంది. "స్టార్ ట్రెక్" సీరియల్‌కు యాభై ఏళ్ళు నిండిన సందర్భంలో 2016 సెప్టెంబరు 2న అమెరికా తపాలా శాఖ నాలుగు రకాల స్టాంపులు విడుదల చేసింది. అదే ఏడు కెనడా వేసింది. 2020లో ఇంగ్లండు వేసింది. మనలో కొందరికి ఈ సీరియల్ గుర్తుండాలి. 1980లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చేది. పిల్లలు కళ్ళప్పగించి చూస్తుంటే మనం గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోంచి తొంగిచూసి, ఆ మొనదేలిన చెవుల మనిషెవరే అని అడిగేవాళ్ళం.

స్టాంపు మాట అలా ఉంచండి. అసలు ఈ సీరియల్ బతికిందే ఉత్తరాల మీద. 1966 సెప్టెంబరు 8న మొదలైంది. రెండో ఏడు సగం అయ్యేసరికి, ఇక ఆపేస్తారని వార్త పొక్కింది. అప్పుడు బ్జో ట్రింబుల్ అనే ఆవిడ, ఆమె భర్త జాన్ కలిసి, తెలిసినవాళ్ళందరికీ జాబులు రాశారు. మీరూ కంపెనీకి రాయండి, మీకు తెలిసిన వాళ్ళచేతా రాయించండి అని. కంప్యూటర్లు, ఫోన్లలో మెసేజీలు లేని రోజులు. ఇంట్లో బల్ల మీద కాగితాలు పరుచుకుని, చేత్తో రాసి, ఐదారు సెంట్ల బిళ్ళ అంటించి డబ్బాలో వెయ్యడమే. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చాయని ఆ టెలివిజన్ సంస్థే చెప్పుకుంది. 1968 మార్చి 1న, సీరియల్ కొనసాగుతుందని తెర మీదే ప్రకటించవలసి వచ్చింది. ఆ తర్వాత ఇంకొక్క ఏడే నడిచిందనుకోండి. మొత్తం 79 భాగాలు. అయినా ఆ మూడో ఏడు ఉత్తరాల చలవే. అందుకని, ఆ కథ తపాలా బిళ్ళ మీదికి ఎక్కడం నాకు న్యాయంగానే తోస్తుంది.

ఇందులో మనం తెలుసుకోవలసిన మనిషి ఇంకొకావిడ ఉంది. నిషెల్ నికల్స్ అనే నల్లజాతి నటి. ఓడలో సందేశాలు చూసే అధికారిణి ఉహూరా పాత్ర ఆమెది. ఆ కాలంలో తెర మీద నల్లజాతి స్త్రీ అంటే ఎక్కువగా పనిమనిషి వేషమే. మొదటి ఏడు కాగానే ఆమె మానేస్తానంది. మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిసి, వద్దు, నువ్వు అక్కడ ఉండాలి అని నచ్చజెప్పాడు. ఉండిపోయింది. ఆ పాత్రను చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో ఎండీవర్ నౌకలో రోదసిలోకి వెళ్ళింది, నల్లజాతి స్త్రీలలో మొట్టమొదట. కెనడా వాళ్ళు వేసిన బిళ్ళల్లో పాత్రల ముఖాలున్నాయి. అమెరికా వాళ్ళ నాలుగింటిలో చూద్దామంటే ఓడ, నీడబొమ్మలు, గుర్తులే కానీ, ముఖమన్నది లేదు. బొమ్మలు అందంగానే ఉన్నాయి. నాకు మాత్రం కెనడా వాళ్ళవే నచ్చాయి.

(మన దేశపు అమ్మాయి కూడా ఈ కథలో ఉంది సుమండీ. 1965లో మిస్ ఇండియా అయిన పర్సిస్ ఖంబట్టా, 1979లో వచ్చిన స్టార్ ట్రెక్ సినిమాలో వేషం కోసం తల నున్నగా గొరిగించుకుంది!)

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మా వీధిలో ఒకామె మొన్న వచ్చి, "వదినా, గా రాకెట్టు బొమ్మల స్టాంపులకు నాలుగు వందలు అడుగుతుండు. పోరడు మొండికేసిండు. కొనియ్యాల్నా?" అంది. పాకెట్టు తెప్పించి చూశాను. అజ్మాన్, ఫుజైరా అని పేర్లున్నాయి. నిజామాబాదు, బోధన్ వైపు గల్ఫుకు పోయినవాళ్ళు లేని ఊరుండదు కనుక, అవి మనకు చుట్టాల ఊళ్ళ పేర్లలాగే వినిపిస్తాయి. కానీ 1960లలో, 1970ల మొదట్లో ఆ చిన్న రాజ్యాల పేరుమీద బయటి వ్యాపారులు చంద్రయాత్రలనీ, పువ్వులనీ గుట్టలు గుట్టలుగా స్టాంపులు అచ్చువేయించారు. చాలావాటికి ఉత్తరమన్నదే తెలియదు. 1971లో ఎమిరేట్లన్నీ ఒక దేశమయ్యాక ఆ వ్యాపారం అణగింది.

"వెనక్కి తిప్పి చూడు," అన్నాను. ముందు వైపు మూలన నల్లని ముద్ర చక్కగా అచ్చొత్తినట్టుంది, వెనక జిగురు చెక్కుచెదరలేదు. పోస్టులో పోయిన బిళ్ళకు జిగురెలా మిగులుతుంది? పిల్లవాడు బొమ్మలు చూసి ముచ్చటపడతానంటే పది రూపాయలకు కొనండి, తప్పులేదు. ధర పలుకుతాయని నాలుగు వందలు పెట్టకండి. స్టార్ ట్రెక్ బొమ్మతో లేనిపోని దేశాల పేర్లు వేసిన బిళ్ళలు కూడా బజార్లో తిరుగుతుంటాయి. 2002 నుంచి ప్రపంచ తపాలా సంఘం అసలైన స్టాంపులకు అంకెలిచ్చి జాబితా పెడుతోంది. ఇంటర్‌నెట్‌లో పిల్లలచేత వెతికించవచ్చు.

ఆవిడ ఇంట్లో అసలు స్టాంపులు వేరే చోట ఉన్నాయి. వాళ్ళ మామగారు బోధన్ శక్కర్ నగర్‌లో పనిచేశారు. 1937లో పెట్టిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడ్డాక ఆ వైపు ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని సందుగలు దులిపారో, ఎన్ని పాత ఉత్తరాలు తూకానికి పోయాయో! అదే 1937లో నిజాం రజతోత్సవానికి హైదరాబాదు సంస్థానం నాలుగు బిళ్ళలు వేసింది. యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబిలీ హాలు. చక్కెర మిల్లుకు అందులో చోటు లేదు, అది వేరే సంగతి. మామగారి సందుగలో జూబిలీ హాలు బిళ్ళ అంటించిన కవరొకటి, ఉత్తరంతో సహా దొరికింది. కోడలు దాన్ని ఊడదీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. పాత కవరు మీది బిళ్ళను ఊడదీయకూడదు. ఏ ఊరి ముద్ర, ఏ తేదీ, ఎవరికి రాశారన్నది అంతా కలిస్తేనే దానికి విలువ.

పిల్లలకు ఇందులో చదువు లాభం కూడా ఉంది. 2017లో తపాలా శాఖ దీన్ దయాళ్ స్పర్శ్ యోజన పెట్టింది. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా, స్టాంపుల సేకరణలో ఆసక్తి ఉన్న పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల స్కాలర్‌షిప్పు. బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉండాలి. లేకపోతే పిల్లవాడి పేర పోస్టాఫీసులో ఫిలాటెలీ ఖాతా తెరవాలి. ప్రకటన ఎప్పుడు వస్తుందో హెడ్ పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి.

మామూలు స్టాంపయితే కవరు ముక్కతో కత్తిరించి, చల్లని నీళ్ళలో కాసేపు నాననివ్వండి. దానంతట అదే ఊడుతుంది. గోరు పెట్టకండి. పాత కాగితాల మధ్య బోర్లా ఆరబెట్టి, పైన బరువైన పుస్తకం పెట్టండి. అమెరికా నుంచి మీ పిల్లలు పంపే ఇప్పటి బిళ్ళలకు మాత్రం వెనక జిగట కాగితం ఉంటుంది, నీళ్ళకు లొంగదు. వాటిని చుట్టూ కాస్త కవరు వదిలి కత్తెరతో కత్తిరించి, అలాగే పుస్తకంలో పెట్టుకోండి.